పది అడుగులు ముందు

శనివారాల్లో జోగారావుగారు భార్య కంటే పది అడుగులు ముందు నడిచేవారు. విశాఖకు ఉత్తరాన, సముద్రానికి ఎదురుగా ఉన్న గోల్ఫు మైదానంలో పద్దెనిమిదేళ్లపాటు ఈ అలవాటు తప్పలేదు. హైమవతి కొట్టిన బంతి ఎక్కడ ఆగిందో ఆయన ముందుగా వెళ్లి చూసేవారు. దాని పక్కన, ఎడమ చెయ్యి నడుము మీద ఆనించి, సముద్రం వైపు చూస్తూ నిలబడేవారు. ఓడరేవులో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి కనుక, లంగరు వేసిన ఓడలను లెక్కపెడుతున్నారని ఆమె అనుకునేది. “ఇవాళ ఎన్ని?” అని అడిగేది. “నాలుగు,” అనో, “ఆరు. ఒకటి కొత్తది,” అనో ఆయన చెప్పేవారు. ఆ తరువాత ఆమె సంచిలోని పొడుగాటి కర్రకు ఉన్న ఊలు టోపీని తీసి చేతిలో పట్టుకునేవారు. ఆ టోపీ హైమవతి అల్లినది. ఆమె కొట్టేది, బంతి లేచేది. ఆయన టోపీ తొడిగి, కర్ర సంచిలో పెట్టి, మళ్లీ పది అడుగులు ముందుకు సాగిపోయేవారు. “కలిసి నడిస్తే ఏం పోయింది? ఎవరో తరుముతున్నట్టు!” అని ఆమె విసుక్కున్న రోజులు చాలా ఉన్నాయి. ఆయన వెనుదిరగకుండానే చెయ్యి ఊపేవారు.

ఆయన పోయి ఎనిమిది నెలలైంది. ఆషాఢంలో ఒక శనివారం ఆడి వచ్చారు, బుధవారానికి లేరు. సంతాపదినాలు గడిచి, పిల్లలు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లాక, హైమవతి మైదానానికి తిరిగి వచ్చింది. వచ్చిన మొదటి రోజునే ఆమెకొక విషయం తెలిసింది: ఆ పొడుగాటి కర్రతో ఇక బంతి లేవడం లేదు. ఆట తెలియనివారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మొదటి దెబ్బకు బంతిని చిన్న మేకు మీద నిలిపి కొట్టవచ్చు. రెండో దెబ్బకు ఆ వెసులుబాటు లేదు. బంతి నేల మీద ఎక్కడ ఆగితే అక్కడి నుంచే, మేకు సాయం లేకుండా, దూరంగా పంపాలి. అందుకు వాడే కర్రను ఫెయిర్‌వే వుడ్ అంటారు. దాని తల ఉక్కుదై చాలా కాలమైనా పాత పేరు పోలేదు. సరదాకు ఆడేవాళ్లలో చాలామంది తడబడేది ఈ దెబ్బ దగ్గరే. హైమవతి మాత్రం ఎన్నడూ తడబడలేదు. మిగతా ఆట అంతంతమాత్రమైనా, ఫెయిర్‌వే వుడ్ అంటే హైమవతిదే అని మైదానంలో పేరుండేది. ఇప్పుడు బంతి నెత్తిన దెబ్బ తగిలి నేల మీద పాక్కుంటూ పోతోంది. లేదా కర్ర బంతి కంటే ముందు నేలను తవ్వుతోంది.

ఆమె కాలేజీలో గణితం చెప్పిన మనిషి. కారణం లేకుండా ఏదీ జరగదని నమ్మినది. ఒక నోటు పుస్తకం కొని, ప్రతి దెబ్బకూ బంతి ఎడమ మడమకు ఎన్ని అంగుళాల దూరంలో ఉందో, పాదాల మధ్య ఎంత ఎడముందో, ఏ చేతి పట్టు బిగిసిందో రాసింది. బంతిని మడమకు రెండంగుళాలు లోపల ఉంచి చూసింది. మూడంగుళాలు ఉంచి చూసింది. అరవై మూడు పేజీలు నిండాయి. బంతి లేవలేదు. చివరికి మైదానం కార్యదర్శికి ఒక ఉత్తరం రాసింది. సభ్యత్వం వదులుకుంటున్నాననీ, రెండు సంచుల కర్రలనూ కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇవ్వవలసిందనీ నాలుగు వాక్యాల్లో ముగించి, సంతకం పెట్టి, మడిచి సంచి జేబులో పెట్టుకుంది. ఆ మంగళవారం ఉదయం గోల్ఫు పాఠం కాగానే ఇచ్చెయ్యాలని నిశ్చయం. ఇచ్చే ముందు మాత్రం గురువును ఒక్క మాట అడగాలనుకుంది.

గురువు పోలయ్య మాస్టారు. మైదానం దిగువనున్న జాలరిపేటలో పుట్టి, తొమ్మిదో ఏట ఆగేవాలాగా చేరిన మనిషి. బంతి పడే చోట ముందుగా నిలబడి, అది ఎటు పోయిందో కనిపెట్టే పనివాణ్ణి ఆగేవాలా అంటారు. అక్కడి నుంచి సంచులు మోసి, ఆట నేర్చి, ఆట నేర్పే స్థితికి వచ్చి ఆయనకు డెబ్బై మూడేళ్లు నిండాయి. ఎండైనా వానైనా గొడుగు, ఆ గొడుగు పిడికి తగిలించిన చెప్పులు, గడ్డి మీద వట్టికాళ్లు, ఇదీ ఆయన రూపం. ఆయనను ప్రశ్న అడిగినవాళ్లకు జవాబు దొరికేది కాదు. ఏదో ఒకటి జరిగేది.

“మాస్టారూ, నేర్చిన విద్య ఒక మనిషి పోతే ఇంకో మనిషి చేతిలోంచి పోతుందా?” అని హైమవతి అడిగింది. “ఆయన ఉన్నన్నాళ్లూ లేచిన బంతి ఇప్పుడెందుకు లేవదు? దుఃఖం వల్ల అంటుంది మా అమ్మాయి. అదే నిజమైతే నాకీ ఆట వద్దు. ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ ఆయన పోయారని ఈ కర్ర చెప్పనక్కరలేదు.”

పోలయ్య మాస్టారు నోటు పుస్తకం తీసుకుని, రెండు పేజీలు తిప్పి, గౌరవంగా తిరిగి ఇచ్చారు. “దస్తూరీ బాగుందమ్మా,” అన్నారు. “ఇవాళ పాఠం లేదు. నడుద్దాం రండి.”

ఆ మాట అని, ఆమె కోసం ఆగకుండా, పది అడుగులు ముందు నడిచారు.

ఏడో గుంతకు వెళ్లే దారి సముద్రానికి సమాంతరంగా సాగుతుంది. ఎడమ వైపు సరుగుడు తోపు. కుడి వైపు పల్లానికి అవతల నీళ్లు. ఫాల్గుణమాసపు ఎండకు గడ్డి అక్కడక్కడ మాడిపోయి నేల గట్టిపడి ఉంది. హైమవతి మేకు మీద నుంచి మొదటి బంతి కొట్టి, సంచి లాక్కుంటూ వెళ్లేసరికి మాస్టారు బంతి పక్కన నిలబడి ఉన్నారు. ఆమె కర్ర తీసింది, టోపీ తానే తీసింది, కొట్టింది. బంతి లేచింది. ఎనిమిది నెలల తరువాత మొదటిసారిగా ఆ పాత చప్పుడు వినిపించి, బంతి నేలను విడిచి, తోపు పక్కగా తేలి, దారి మధ్యలో పడింది. మాస్టారు ముందుకు నడిచారు. రెండోసారి అలాగే జరిగింది. “మీరు పక్కనుంటే లేస్తోంది!” అని ఆమె చిన్నపిల్లలా నవ్వింది. ఇంకొక బంతిని ముందు నడుస్తున్న మాస్టారి వైపు విసిరి, అది ఆగీ ఆగకముందే, సంతోషం పట్టలేక ఈసారి గబగబా నడిచింది.

అందుకే చూసింది. మాస్టారు ఎడమ చెయ్యి నడుము మీద ఆనించి, సముద్రం వైపు చూస్తున్నారు. నడుము పైభాగం కదలడం లేదు. కుడి పాదం మాత్రం, మడమ నేలకానించి, బొటనవేలికీ పక్క వేలికీ మధ్య బంతిని ఒడుపుగా పట్టుకుని, గట్టి నేల మీద నుంచి తీసి, పక్కనున్న గడ్డి కుదురు మీద కోడిగుడ్డును పెట్టినంత మెత్తగా పెట్టింది. గడ్డి చిన్నగా సరసరమంది. ఆ చప్పుడు ఆమెకు కొత్త కాదు. పద్దెనిమిదేళ్లుగా వింటున్నదే, గాలి అనుకుంది.

“ఎన్ని ఓడలు, మాస్టారూ?” అని ఆమె అడిగింది.

“నేను సముద్రం మీద పుట్టినవాణ్ణమ్మా. ఓడలు లెక్కెట్టను,” అన్నారాయన. తరువాత, ఆమె ముఖం చూసి, గొడుగు మూశారు. “అయ్యగారికి నేనే నేర్పేను. వట్టికాలితో సులువు. బూటు కొసతో చెయ్యాలంటే మాటలా? ఆరు నెలలు పట్టింది ఆయనకి. మొదట్లో బంతిని తన్నేసి, మీరు వచ్చేలోగా పరుగెత్తి తెచ్చుకునేవారు.”

హైమవతి సంచి మీద కూర్చుంది. కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, ఏది ముందు వచ్చిందో ఆమెకే తెలియలేదు. “అంటే నన్ను పద్దెనిమిదేళ్లు మోసం చేశారన్నమాట. నేను గెలిచిన కప్పు మాటేమిటి? అదీ అబద్ధమేనా?”

“తప్పమ్మా,” అన్నారు మాస్టారు, మొదటిసారిగా కటువుగా. “పోటీ నాడు అయ్యగారు మీ బంతికి ఇరవై గజాల దూరంలో నిలబడేవారు. చేతులు వెనక్కి కట్టుకుని మరీ. అంత దూరం ఎందుకంటే, కాలు మాట వినదేమోనని భయం అనేవారు.”

ఆమెకు గుర్తుకు వచ్చింది. పోటీ రోజుల్లో ఆయన ఆమెను వుడ్ ముట్టనిచ్చేవారు కారు. “వద్దు, పొట్టిది తీసుకో, ఐరన్ తీసుకో,” అని వెంటపడేవారు. ఒకసారి ఆమె అవమానంగా భావించి, ఇంటికి వెళ్లేదాకా కారులో మాట్లాడలేదు. ఆయన దారిలో ఆగి బత్తాయిలు కొని ఆమె ఒళ్లో పెట్టారు. కారణం అప్పుడు చెప్పలేదు. చెప్పగలిగే కారణం కాదది.

“అయితే ఈ విద్య నాకెప్పుడూ లేదు,” అంది హైమవతి నెమ్మదిగా. “పోవడానికి నా దగ్గర ఉంటే కదా.” అని, ఎందుకో, ఛాతీ మీద నుంచి ఒక బరువు జరిగినట్టు నిట్టూర్చింది. ఎనిమిది నెలలుగా ఆమె భయపడినది తన చేతికి ఏదో అయిందని, ఆయనతో పాటు తనలోనూ ఒక భాగం చచ్చిపోయిందని. చచ్చిపోయింది ఒక బూటు కొస మాత్రమే.

మాస్టారు సరుగుడు తోపు అంచుకు వెళ్లి, గొడుగు కొసతో నేల చూపించారు. ఎండిన సరుగుడు ఆకు సన్నటి సూదుల్లా పరుచుకుని ఉంది. “అది కాస్త తుడవండమ్మా.”

“దేనితో?”

“చేతిలో ఉన్నదానితోనే.”

“ఎలా నిలబడాలి? పాదాల మధ్య ఎంత—”

“ఇంట్లో వాకిలి ఊడ్చేటప్పుడు పుస్తకం చూసేరా?”

ఆమె కర్రతో ఆకును తుడిచింది. మొదట మొహమాటంగా, తరువాత కొంచెం ఊపుగా. కర్ర నేలను రాసుకుంటూ పోయింది, తవ్వలేదు. సూదులు గుప్పున లేచి, ఎండలో మెరిసి, నాలుగు గజాల అవతల రాలాయి. పదిసార్లు తుడిచేసరికి నేల కనిపించింది.

“వాటిని లేపుదామనుకున్నారా?” అని అడిగారు మాస్టారు.

“లేదు. తుడవమన్నారుగా, తుడిచాను.”

“మరి లేచేయి గదా.”

ఆయన జేబులోంచి ఒక బంతి తీసి, ఆకు పోయిన ఆ బోడి నేల మీద, గడ్డి పోచైనా లేని చోట, ఆమె ఎడమ మడమకు కాస్త లోపలగా పెట్టారు. తరువాత గొడుగు పిడి నుంచి చెప్పులు తీసి, తొడుక్కుని, పట్టీలు బిగించి, ఇరవై అడుగుల దూరం వెళ్లి నిలబడ్డారు. “చూసుకోండి. నా కాళ్లు జైల్లో ఉన్నాయి,” అన్నారు.

హైమవతి బంతిని చూసింది. అరవై మూడు పేజీలూ కళ్లముందు తిరిగాయి. ఇది లేవాలి, అనుకుంది, లేపాలి, అనుకుంది. అనుకోగానే శరీరం వెనక్కి వాలింది, కుడి భుజం కిందికి దిగింది, బంతి నెత్తిన దెబ్బ తగిలి తోపులోకి పాకిపోయింది.

“అది బంతిని కొట్టేరు,” అన్నారు మాస్టారు దూరం నుంచి. “నేను ఆకు తుడవమన్నాను.”

ఆమె ఇంకొక బంతి పెట్టుకుంది. పెట్టుకుని, దాని కింద ఆకు ఉందనుకుంది. వాకిలి తుడిచే తొందరతోనే, అంతకు మించని బలంతో, కర్రను నేల మీదుగా పోనిచ్చింది. చప్పుడు వినిపించాక గానీ బంతి పోయిందని తెలియలేదు. తల ఎత్తి చూసేసరికి అది గాలిలో ఉంది. పెద్ద ఎత్తేమీ కాదు. పాత రోజుల దూరమూ కాదు. కానీ ఎవరూ ముట్టుకోని బోడి నేల నుంచి లేచింది. లేచి, నిదానంగా దిగి, దారి మధ్యలో రెండుసార్లు గెంతి ఆగింది. ఆమె మళ్లీ కొట్టింది. అయిదింటిలో మూడు లేచాయి. తక్కిన రెండూ ఎందుకు లేవలేదో ఆమెకు మాస్టారు చెప్పకుండానే తెలిసింది.

పోలయ్య మాస్టారు దగ్గరకు వచ్చి కర్ర అందుకుని, దాని ముఖానికి అంటిన మట్టిని చూశారు. “గుడ్డ ఏదైనా ఉందా అమ్మా?”

గుడ్డ లేదు. ఆమె సంచి జేబులో చెయ్యి పెట్టి, మడిచిన కాగితం తీసి ఇచ్చింది. ఆయన మడత విప్పి, అటూ ఇటూ తిప్పి చూశారు. “సంతకం ఉన్నట్టుంది. పనికొచ్చేదేమో.”

“కాదు,” అంది హైమవతి. “తుడవండి.”

ఆయన శ్రద్ధగా, గీతల సందుల్లోని మట్టి కూడా పోయేలా తుడిచి, కాగితాన్ని ఉండచుట్టి తన జేబులో వేసుకున్నారు. ఆమె కర్రకు టోపీ తొడుగుతూ తొడుగుతూ ఆగిపోయింది. ఇంకొక ముల్లు మిగిలి ఉంది. “ఇక మీదట కొట్టగలనని నమ్మకం కుదిరింది, మాస్టారూ. అది చాలు. కానీ ఆయన చూసిన బంతులన్నీ ఆయన పెట్టినవే. ఆయన ఉండగా నేను నా అంతట నేను లేపింది ఒక్కటైనా లేదు కదా. ఒక్కటి ఆయన చూసి ఉంటే బాగుండేది.”

మాస్టారు గొడుగు తెరిచారు. “ఆఖరు శనివారం నేను ఈ తోపులోనే ఉన్నాను,” అన్నారు. “అయ్యగారు ఎక్కడ నడిచేరమ్మా ఆ రోజు?”

ముందు, అని చెప్పబోయి హైమవతి ఆగింది. ఆ రోజు ఆయన ముందు నడవలేదు. కాస్త ఆయాసంగా ఉందన్నారు. రాత్రి సరిగా నిద్రపట్టలేదన్నారు. ఇదే ఏడో దారిలో, ఆమె పక్కనే, సంచి పిడి మీద ఆమె చేతి పక్కన తన చెయ్యి వేసి నడిచారు. ఇంట్లో నీళ్ల మోటారు ఒకటే రొద పెడుతోందనీ, సోమవారం మనిషిని పిలవాలనీ చెబుతూ వచ్చారు. ఇద్దరూ ఒక్కసారే బంతి దగ్గరకు చేరారు. అది బోడి నేల మీద ఉంది. ఆయన ఓడల వైపు చూడలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, “బేరింగు పోయుంటుంది, సందేహం లేదు,” అన్నారు. “అయితే ఆ పాత మనిషినే పిలుద్దాం,” అంటూ ఆమె కొట్టింది. బంతి లేచింది. ఆమె దాన్ని పట్టించుకోలేదు, ఎప్పుడూ లేచేదే. ఆయన మాత్రం, ఇప్పుడు తలుచుకుంటే, అది కింద పడి ఆగేదాకా చూస్తూ ఉండిపోయారు. తరువాత కర్రకు టోపీ తొడిగారు. మోటారు సంగతి మాట్లాడుకుంటూనే ఇద్దరూ పక్కపక్కన నడిచి వెళ్లారు.

“నా పక్కనే నడిచారు,” అంది హైమవతి కళ్లు తుడుచుకుని. “నీళ్ల మోటారు గురించి మాట్లాడుతూ.”

పోలయ్య మాస్టారు చెప్పులు విప్పి గొడుగు పిడికి తగిలించుకున్నారు. ఈసారి ముందుకు వెళ్లలేదు. ఆమె సంచి పిడి అందుకునేదాకా ఆగారు.

“బాగుచేయించేరా అమ్మా, మోటారు?”

“చేయించాను. బేరింగే.”

“మరింకేటి,” అన్నారాయన. “పదండి.”